గాలిపరుపుపై నడచు ఓడ

హోవర్‌క్రాఫ్ట్ అనెడి యానమును గూర్చి వినినవారు దానిని పుష్పకమునకు చుట్టముగా తలంచుట కలదు. అది సరికాదు. ఇది ఆకాశమున విహరింపజాలదు. తన క్రింద తాను పరచుకొన్న గాలిపరుపుపై నీటికిని నేలకును కొంచెము పైగా సాగిపోవును.

అంతటి బరువును గాలి యెట్లు మోయును? 1968లో ఇంగ్లీషు ఛానలుపై రాకపోకలు ప్రారంభించిన ఎస్.ఆర్.ఎన్.4 పొడవు సుమారు 40 మీటర్లు, వెడల్పు 24 మీటర్లు, బరువు 160 టన్నులకు పైమాట. ఆ బరువును అడుగుభాగపు వైశాల్యముచే భాగించినచో చదరపు మీటరునకు సుమారు 200 కిలోగ్రాములు వచ్చును. మన చుట్టునున్న వాతావరణపు ఒత్తిడిలో ఇది 50వ వంతు మాత్రమే! నిలుచున్న మనుష్యుని పాదములు నేలను అంతకు ఎన్నియో రెట్లు ఒత్తును. కావున మోయుట గొప్ప కాదు. ఆ గాలిని నిలుపుటయే గొప్ప.

ఓటికుండలో నీటిమట్టము తగ్గకుండవలెనన్న కారినంత పోయుచుండవలెను గదా. ఇచ్చటను అట్లే. యానపు అడుగంచుకును నీటికిని నడిమి సందునుండి గాలి సెకనుకు 50 మీటర్లకు మించిన వేగముతో దూసికొనిపోవును. పోయినంత గాలిని పంకాలు మరల నింపవలెను. సందు రెట్టింపైన ఖర్చును రెట్టింపే.

పడవలు కట్టు క్రిస్టఫర్ కాకరెల్ అనెడి ఆంగ్లేయుడు 1955లో ఇందుకొక ఉపాయము పన్నెను. ఒక డబ్బాలో మరియొక డబ్బా నుంచి, వాని నడిమి సన్నని సందుగుండ గాలిని క్రిందికి ఊది, ఆ బలమును వంటింటి త్రాసుతో తూచెను. ఒంటి డబ్బాగుండ ఊదిన గాలికంటె ఇది అధికముగా ఒత్తెను. ఏలయన, చుట్టును దిగు గాలి తెరవలె నిలిచి లోపలి గాలిని పోనీయదు.

కాని ఆదరించువారేరి? పడవలవారు ఇది విమానమనిరి. విమానములవారు పడవ యనిరి. ప్రభుత్వము రహస్యమని కొంతకాలము మూలబెట్టెను. ఆయన సొంత వస్తువులమ్ముకొని నిలిచెను. తుదకు 1959 జూలై 25న ఎస్.ఆర్.ఎన్.1 ఛానలును దాటెను. బ్లెరియో విమానముపై దాటిన దినమునకు సరిగా 50 ఏండ్లు! తూకము సరిచేయుటకై కాకరెల్ స్వయముగా దానిపై అటునిటు జరుగుచు ప్రయాణము చేసెను.

అయినను గాలితెర యొక్కటే అలలకు చాలలేదు. పిమ్మట రబ్బరు పూసిన బట్టతో అంచు చుట్టును పావడా కట్టిరి. అల తగిలిన నది వంగును, అల పోయిన మరల దిగును. సందు మాత్రము స్వల్పము. అంతటితో, ఆయన ఎంతో శ్రమించి సాధించిన గాలితెర అవసరమే చాలవరకు తప్పిపోయెను. యానము పెద్దదైన కొలది లాభమును హెచ్చెను: పొడవు వెడల్పులు రెట్టింపైన మోయు వైశాల్యము నాలుగు రెట్లగును, గాలి కారు చుట్టుకొలత రెండు రెట్లే.

1994లో ఛానలు క్రింద సొరంగపు రైలుదారి తెరువబడెను. 2000 అక్టోబరు 1న ఆ పెద్ద యానములు దానిపై తిరుగుట మానినవి. ఇంగ్లండు దక్షిణ తీరమున సౌత్‌సీ నుండి వైట్ ద్వీపమునకు చిన్నవి నేటికిని జనమును దాటించుచున్నవి. రేవుకట్టతో పనిలేక నేరుగా ఒడ్డు మీదికే ఎక్కివచ్చును.