ఆకలి తెలిసిన ఆట

(యువజన వేదిక మీద చేసిన ప్రసంగం)



కంప్యూటర్ ఆటల్లో రోగ్‌లైక్ అనే ఒక వంశం ఉంది. దాని మూలపురుషుడు "రోగ్". 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. తరువాత బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ ఓ చేయి వేశారు. బొమ్మలు లేవు. మన వీరుడంటే ఈమెయిల్ చిరునామాలో ఉండే "ఎట్" గుర్తు. రాక్షసులంటే ఇంగ్లీషు పెద్దక్షరాలు. నేలమాళిగలో 26వ అంతస్తు దాకా దిగి, ఒక తాయెత్తు పట్టుకుని బయటపడాలి.

మన వైకుంఠపాళిలో పాము మింగితే కిందికి జారతాం, మళ్ళీ ఎక్కుతాం. ఇక్కడ చస్తే చచ్చినట్టే. దాచుకున్న ఆటను తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది, వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీల్లేదు. కానీ వైకుంఠపాళిలో గవ్వలు చెప్పినట్టు నడవడమే మన పని. ఇక్కడ పాచిక పడ్డాక ఏం చేయాలన్నది మన బుర్ర మీద ఉంటుంది.

"అయితే పై అంతస్తులోనే కూర్చుని, చిన్నాచితకా జంతువులను చంపుతూ బలం పెంచుకుని, తరువాత దిగితే పోలా?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. తెలివైన ప్రశ్నే. దానికి ముందే అడ్డుకట్ట వేశారు: ఆకలి. నడిచినా, ఊరికే నిలబడినా కడుపు ఖాళీ అవుతూనే ఉంటుంది. కొత్త తిండి కావాలంటే కొత్త అంతస్తుకు దిగాలి. చావు భయం ఆగమంటుంది, ఆకలి పదమంటుంది. ఈ వంశానికి ప్రాణం అక్కడే ఉందని నేనంటాను.

1987లో వచ్చిన "నెట్‌హ్యాక్" ఈ లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. పాత్ర పుట్టినప్పుడు కడుపులో 900 పాళ్ళ తిండి ఉంటుంది, మామూలుగా ఎత్తుకొకటి చొప్పున కరుగుతుంది. మంత్రం వేస్తే ఇంకా కరుగుతుంది. కానీ మాంత్రికుడికి బుద్ధి 17 గాని అంతకు మించి గాని ఉంటే మంత్రానికి ఆకలి ఖర్చు లేదు! గాయాలు త్వరగా మాన్పే ఉంగరం పెట్టుకుంటే అదీ కడుపులోంచే తింటుంది. నిలువెల్లా కప్పే ఉక్కు కవచం బరువు 450, ఎంత బలశాలి మోతశక్తి అయినా 1000 దాటదు. పైగా లోహకవచం తొడిగిన మాంత్రికుడికి మంత్రాలు తప్పుతాయి. ఆకలితో సొమ్మసిల్లే స్థితిలో దేవుణ్ణి ప్రార్థిస్తే కడుపు నింపుతాడు. వెంటనే మళ్ళీ చేయి చాస్తే మాత్రం కోపమొస్తుంది. (మన దేవుళ్ళే నయం.)

కొత్తవాళ్ళకు వాల్కిరీ అనే వీరవనిత పాత్ర మంచిది, దెబ్బలకు తట్టుకుంటుంది. నాకు ఇష్టమైనది పర్యాటకుడు. పువ్వుల చొక్కా, ఖరీదైన కెమెరా, జేబు నిండా డబ్బు, సంచీ నిండా తినుబండారాలు. యుద్ధం మాత్రం రాదు. అంగడివాళ్ళు అతన్ని చూడగానే ధర మూడో వంతు పెంచేస్తారు. సెలవులకు ఇండియా వెళ్ళి బేరమాడిన మీకు ఇంతకంటే వివరించనక్కర్లేదు! ఆకలి అతన్ని తొందరగా చంపదు, నక్కలాంటి జంతువు చంపుతుంది. అందుకే మొదట కుక్కపిల్లను ముందుకు తోసి, వెనక నుంచి బాణపుముల్లులు విసురుతూ బతకాలి.

2021లో "డంజన్ క్రాల్ స్టోన్ సూప్" అనే ఆట వాళ్ళు 0.26 సంచికలో ఆకలిని పూర్తిగా తీసేశారు. పాతకాపులు కొందరు నొచ్చుకున్నారు. నేను మాత్రం వాళ్ళ పక్షమే. ఊరికే కూర్చుని బలం పెంచుకునే దారులను ఆ ఆటలో ముందునుంచీ ఒక్కొక్కటిగా మూస్తూ వచ్చారు. ఇక తిండి తినడం గుర్తుపెట్టుకోవాల్సిన చాకిరీ తప్ప, ఏ నిర్ణయాన్నీ మార్చేది కాదు. అదే పని "రోగ్"కు చేస్తే ఆట ఒక్క పూటలో చచ్చిపోతుంది. మొదటి అంతస్తులోంచి ఎవరూ కదలరు.

పిల్లలకు ఒక మాట: ఈ మూడూ ఉచితంగానే దొరుకుతాయి. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాలు అయ్యాక మొదలుపెట్టండి.