ఇంట్లో మొదటి డిగ్రీ

ఒకప్పుడు పీజీ చదవాలంటే మన పిల్లలు చాలామంది హైదరాబాద్ బస్సెక్కేవారు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. చదువు దగ్గరికొచ్చింది. కానీ అమ్మానాన్నలు ముంబైకో పుణెకో వలసపోయిన ఇళ్లలో కాలేజీకి పంపే బరువు తాతా నానమ్మలదే.

మొన్న బస్టాండులో ఒక తాతను చూశాను. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మనవరాలు ఒక్కో కాగితం పేరు చదువుతుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. అయినా మనవరాలి కాగితాలు కాపాడుతున్నాడు, అంతకన్నా పెద్ద సాయం ఏముంటుంది?

డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో ఇస్తున్నారు. అందులో కాలేజీల ఆప్షన్లు పెట్టే రోజు మేనమామో చిన్నాన్నో పక్కన కూర్చోవాలి, కానీ కోర్సు మాత్రం బిడ్డనే ఎంచుకోనివ్వండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇక దూరమని ఆపకండి. డిగ్రీ చదివే మూడేళ్లూ పెళ్లి మాట ఎత్తకండి, నాట్లకూ పత్తి ఏరడానికీ కాలేజీ మాన్పించకండి.

హాస్టల్‌కు ఫోన్ చేస్తే మార్కులకంటే ముందు "తిన్నవా బిడ్డా?" అని అడగండి. ఇక ఫీజు సంగతి: ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం సర్టిఫికెట్ కావాలి. చివరి తేదీ దాకా ఆగకుండా ఈ వారమే మీసేవకు వెళ్లి ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి.