చిన్న మదుపరికి దక్కాల్సిన న్యాయం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లలో రక్షణ పరికరాలతోనే నా పని. షేర్ మార్కెట్ గురించి మాట్లాడమని సంఘం వారు అడిగితే, ఏ షేరు కొనాలో చెప్పనన్న షరతు మీద ఒప్పుకున్నాను. నెలనెలా జీతంలోంచి కొంత తీసి పెడుతూ వచ్చిన చిన్న మదుపరిగానే మాట్లాడతాను. మా బ్యాచ్ వాళ్లం రిటైర్మెంటుకు దగ్గరపడ్డాం. ఇక్కడున్న మాస్టార్లలో కొందరు గ్రాట్యుటీ డబ్బులో కొంత ఫండ్లలో, షేర్లలో పెట్టారు. కనుక ఇది మనందరి ఇంటి సంగతే.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. వానల్లేక పంట పోతే రైతు ఎవరినీ నిలదీయడు. నకిలీ విత్తనం వల్ల పోతే మాత్రం కొట్టు ముందు కూర్చుంటాడు. మార్కెట్లో ధర పడి వచ్చే నష్టానికి మనం సిద్ధపడే దిగుతాం. మోసం వల్ల వచ్చే నష్టానికి ఎవరూ సిద్ధపడరు. ఆ రెండో దాని నుంచి కాపాడడానికే సెబీ ఉంది. 1988లో ఏర్పడిన ఆ సంస్థకు 1992లో చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. ఆ రక్షణ ఎంతవరకు అందిందో చూడడానికి దూరం పోనక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే రెండు ఉదంతాలున్నాయి.

మొదటిది సత్యం కంప్యూటర్స్. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. ఆ ఒక్క రోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. ఆడిటర్ల సంతకాలున్నాయి, బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లున్నారు. అయినా లేని డబ్బు ఉన్నట్టే చెలామణీ అయింది. మన లెక్కల మాస్టారు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేసేవారు కాదు, "స్టెప్పులేవిరా?" అని అడిగేవారు. పారదర్శకత అంటే నాకు తెలిసిన అర్థం అదే.

ఇందులో నన్ను ఎక్కువ బాధించింది తర్వాతి కథ. అదే కంపెనీ షేర్లను అమెరికా మార్కెట్లో కొన్నవారు అందరూ కలిసి ఒకే దావా వేశారు. 2011లో కంపెనీ వారికి 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అమీర్‌పేటలో కూర్చుని కొన్నవారికి అలాంటి పరిహారం లేదు. వాటాదారులంతా కలిసి వేసే అలాంటి దావాకు అప్పటి మన కంపెనీల చట్టంలో చోటు లేదు. 2013 నాటి కొత్త చట్టంలో 245వ సెక్షన్‌గా అది వచ్చింది. రాజు మీద సెబీ ఉత్తర్వు 2014లో, కోర్టు తీర్పు 2015లో వచ్చాయి. మా సబ్‌స్టేషన్లో రిలే సమయానికి పనిచేయకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి రిపోర్టు రాసినా కాలిన వైండింగ్ తిరిగి రాదు.

రెండోది కార్వీ స్టాక్ బ్రోకింగ్. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని, వారి షేర్లను తాకట్టు పెట్టి సొంతానికి అప్పులు తెచ్చిందని తేల్చి, 2019 నవంబర్ 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పది రోజుల్లోనే 80 వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లు వారి ఖాతాలకు తిరిగి చేరాయి. ఇక్కడ రిలే పనిచేసింది. దాని వెనుక పాఠం కూడా నేర్చుకున్నారు. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ కోసం షేర్లు తాకట్టు పెట్టాలంటే అవి మన డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, మన ఫోనుకు వచ్చే ఓటీపీతో మనమే ఒప్పుకోవాలి. 2023 జనవరి నుంచి లావాదేవీ మర్నాటికల్లా పూర్తవుతోంది. అంటే మన డబ్బు, మన షేర్లు మధ్యవర్తి చేతిలో ఉండే సమయం తగ్గింది. మనిషి మంచితనం మీద ఆధారపడకుండా ఏర్పాటే మోసానికి తావివ్వకపోవడం, ఇంజనీరుగా నాకు నచ్చే నియంత్రణ ఇది.

ఇక ఫ్యూచర్స్, ఆప్షన్స్ సంగతి. ఇక్కడ చిన్న మదుపరుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. 2024 సెప్టెంబర్‌లో సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఇందులో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. లాభాల్లో అత్యధిక భాగం కంప్యూటర్ ప్రోగ్రాములతో ట్రేడింగ్ చేసే పెద్ద సంస్థలకు పోయింది. ఆ తర్వాత ఒక్కో ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచారు. "మా డబ్బు, మా ఇష్టం. చిన్నవాళ్లను బయటికి నెట్టి ఆట పెద్దవాళ్లకు వదిలేశారు" అని మా ఆఫీసులో కుర్రవాళ్లు అంటారు. వారి మాటలో కొంత నిజముంది. అయినా నేను సెబీ పక్షమే. ఫ్యూజు పెట్టేది కరెంటు వాడొద్దని కాదు, ఇల్లు తగలబడకూడదని. అయితే ఫ్యూజు చిన్న ఇంటికే కాదు, పెద్ద మేడకూ ఉండాలి. చిన్నవాళ్లను ఆపే నిబంధన వారంలో వచ్చి, పెద్దల మీద విచారణ ఏళ్లు పడితే దాన్ని న్యాయమనలేం.

మనం అడగాల్సినవి మూడు: ఫిర్యాదులు గడువులోగా తేలాలి, మోసగాడి నుంచి వసూలు చేసిన సొమ్ము నష్టపోయినవాడికి చేరాలి, వందల పేజీల ఇంగ్లీషు ప్రాస్పెక్టస్‌లోని ముఖ్యమైన రిస్కులు రెండు పేజీల తెలుగులో అందాలి.

మనం చేయాల్సినవీ ఉన్నాయి. ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ పంపే ఖాతా వివరాలను బ్రోకరు చూపే లెక్కతో పోల్చుకోండి. మీ మొబైల్ నంబరే ఖాతాలో ఉందో లేదో చూసుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. గ్యారంటీ లాభమన్నవాడికి దండం పెట్టి పంపేయండి. తేడా కనిపిస్తే బ్రోకరుకు రాతపూర్వకంగా చెప్పండి, పట్టించుకోకపోతే సెబీ స్కోర్స్‌లో ఫిర్యాదు చేయండి.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. మనలో చార్టర్డ్ అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగులు, లాయర్లు ఉన్నారు. ఏడాదికి రెండు ఆదివారాలు ఈ బడిలోనే కూర్చుని, మన మాస్టార్లకు, ఊళ్లోవాళ్లకు వారి ఖాతా కాగితాలు చదివి పెడదాం, ఫిర్యాదులు రాసి పెడదాం. మొదటి ఆదివారానికి నేను వస్తాను. నాతో వచ్చేవారు సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి.