బానెట్ ఎత్తి చూద్దాం

(మార్కాపురంలో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరుకెదురుగా ఈ అంశం చూసి మీలో కొందరు నవ్వుకున్నారని నాకు తెలుసు. నిన్నంతా గృహహింస చట్టం గురించి, మనోవర్తి కేసుల గురించి, ఆస్తిహక్కు గురించి మాట్లాడుకున్నాం. ఈరోజు కారు దారిలో ఎందుకు ఆగిపోతుందో చెబుతానంటే, సోషియాలజీలో డాక్టరేట్ చేసినావిడకి ఈ మెకానిక్ పని ఏమిటి అనిపించడం సహజమే. పన్నెండేళ్ళ క్రితం నాకూ అలాగే అనిపించేది. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

అది మే నెల. ఒక మనోవర్తి కేసులో సాక్ష్యం చెప్పాల్సిన స్త్రీని నా కారులో మార్కాపురం నుంచి గిద్దలూరు కోర్టుకు తీసుకువెడుతున్నాను. ఆమె ఇక్కడి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. కూలి పోగొట్టుకుని రావడం అది మూడోసారి. నా పక్క సీట్లో కూర్చుంది. కంభం ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా, "ఆ ముల్లు ఎర్రగీత కాడికి పోతా ఉంది, ఏంది మేడం అది?" అని అడిగింది. నేను, "ఏం కాదులే, ఎండ కదా" అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. పది నిమిషాల్లో బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. బండి ఆపి, చేతికి చీరకొంగు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాను. అటుగా వస్తున్న లారీ ఆగి, క్లీనరు కుర్రాడు "తీయబాకండి, తీయబాకండి" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. ఆ కుర్రాడు రాకపోతే నా ముఖం ఇలా ఉండేది కాదు.

గంటసేపు చల్లారనిచ్చాక అతను చూపించింది ఇంత చిన్న విషయం. రేడియేటర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు పైపు కొసన ఉండే క్లిప్పు వదులైంది. స్క్రూడ్రైవర్‌తో నాలుగు తిప్పులు తిప్పి, నీళ్ళు పోసి పంపాడు. కోర్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. కేసు పొద్దున్నే పిలిచారు, మనిషి లేదని రెండు నెలలకు వాయిదా వేశారు. తిరుగు ప్రయాణంలో ఆమె నన్ను ఏమీ అనలేదు. మార్కాపురం బస్టాండు దగ్గర దిగుతూ మాత్రం, "నేను అడిగినప్పుడే ఆపుంటే పోయేది గదా మేడం" అంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు వారం రోజులుగా మా ఇంటి ముందు కారు కింద పచ్చటి మరక కనబడుతూనే ఉంది. ఏసీ నీళ్ళేమో అనుకుని దాటుకుని వెళ్ళాను. ఏసీ నీళ్ళకు రంగు ఉండదు, జిగట ఉండదు. కూలెంట్‌కి రంగు ఉంటుంది, వేళ్ళ మధ్య రుద్దితే జారుతుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. చక్రం లోపలివైపు తడిగా, నూనెగా ఉంటే అది బ్రేకు ఆయిల్ కావచ్చు, ఆ బండిని కదపకూడదు. వాకిట్లో నీళ్ళు ఎక్కడినుంచి కారుతున్నాయో ఒక్క చూపులో చెప్పగల ఆడవాళ్ళం, కారు కింద మరకను మాత్రం చూసీ చూడనట్టు ఎందుకు దాటిపోతాం?

దీన్ని శ్రమ విభజన అని పుస్తకాల్లో రాస్తాం. కుట్టుమిషన్ బెల్టు తెగితే వేసుకుంటాం, కుక్కర్ గాస్కెట్ మార్చుకుంటాం, బోరు దగ్గర మోటారు చప్పుడు మారితే నీళ్ళు తగ్గాయని గ్రహిస్తాం. అవి యంత్రాలు కావని ఎవరో చెప్పారు, మనం నమ్మాం. కారు మాత్రం యంత్రం, మగవాళ్ళ వ్యవహారం. నిజానికి రేడియేటర్ మూత పనిచేసే తీరు కుక్కర్ మూత పనిచేసే తీరే. లోపల ఒత్తిడి ఉంటే నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరగవు, ఇంకా వేడెక్కాకే మరుగుతాయి. ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో ఈ హాల్లో తెలియనివాళ్ళు లేరు. రేడియేటర్ మూత తీసినా అదే అవుతుంది. నేను చీరకొంగు చుట్టుకున్నప్పుడు ఈ పోలిక నాకు తట్టలేదు, నా చదువు దానికి అడ్డమొచ్చిందేమో.

ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపండి. హీటర్ పూర్తిగా తిప్పండి. మే నెలలో హీటరేమిటని నవ్వకండి, ఇంజన్ వేడిని కొంత అది లాగేస్తుంది. రోడ్డు పక్కకు తీసి ఆపండి. ఆవిరి కనబడితే వెంటనే ఇంజన్ ఆపేయండి. కనీసం అరగంట, ఎండాకాలమైతే ఇంకా ఎక్కువసేపు, మూత జోలికి పోవద్దు. చల్లారాక నీళ్ళు పోయండి. ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటుంది. కనిగిరి నుంచి ఇటువైపు బోరు నీళ్ళంటే మనకు ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్‌ని పాడుచేసేది ఫ్లోరైడ్ కాదు, నీళ్ళ గడుసుతనం. కాగు అడుగున తెల్లగా పేరుకుంటుందే, ఆ ఉప్పే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుని దారి మూసేస్తుంది. దారిలో గతిలేక బోరు నీళ్ళు పోసినా, ఇంటికొచ్చాక కడిగించి కూలెంట్ పోయించుకోవాలి.

దుమ్ము సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పొగగొట్టంలోంచి నల్లపొగ వస్తూ బండి లాగడం లేదంటే ముందు గాలి ఫిల్టర్ చూడండి. పలకల షెడ్ల పక్కన తిరిగే బళ్ళకు అది త్వరగా మూసుకుపోతుంది. దాన్ని మార్చడం పది నిమిషాల పని. (నీలంపొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. దట్టమైన తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. ఈ రెండూ షెడ్డుకు తీసుకుపోవలసినవే.) నేను మొదటిసారి ఫిల్టర్ విప్పి, బూడిదరంగు దుమ్ము దులుపుతున్నప్పుడు నా పక్కసీట్లో కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చింది. పలకల దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. కారు ఇంజన్‌కి ఫిల్టర్ పెట్టాలని తెలిసిన సమాజం ఆమె ముక్కుకి కొంగు చాలనుకుంది. ఇది వేరే ప్రసంగం, మరోసారి చెప్పుకుందాం.

ఇక పొద్దున్నే స్టార్ట్ కాని బండి. చెవి పెట్టి వినండి. సెల్ఫ్ కొడితే టిక్ టిక్ మని ఆగిపోతే, లైట్లు కూడా మసకబారితే, బ్యాటరీ నీరసించినట్టు. ఏ చప్పుడూ రాకపోతే బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉండాలి, లేదా తీగ వదులై ఉండాలి. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే వేడినీళ్ళలో తినేసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది తుడవండి, సగం సందర్భాల్లో అదే మందు. చలికే బ్యాటరీలు పోతాయనుకుంటాం గానీ, మన ఎండలే వాటిని తినేస్తాయి. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీని తిట్టి లాభం లేదు, ఇంధనమో నిప్పురవ్వో అందడం లేదు. పాత డీజిల్ జీపులున్న సంస్థలవాళ్ళు ట్యాంకు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కానివ్వకండి. గొట్టంలో గాలి చేరితే చేతిపంపుతో అది పోయేదాకా కొట్టాలి, చాలా విసుగు పని.

ఇంకో బండి నుంచి కరెంటు తెచ్చుకునేటప్పుడు వరస ముఖ్యం. ఎర్రతీగ చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లతీగ మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం చచ్చిన బండి ఇంజన్ మీద రంగులేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర మండే వాయువు ఉంటుంది, నిప్పురవ్వ అక్కడ పడకూడదు. తీసేటప్పుడు వరస తిరగెయ్యాలి.

డాష్‌బోర్డు మీద దీపాల గురించి ఒక్క మాట. పసుపు అంటే వీలుచూసుకుని చూపించమని. ఎరుపు అంటే ఇప్పుడే ఆపమని. నూనె దీపం బొమ్మ ఎర్రగా వెలిగితే "ఊరు వచ్చేదాకా" అని లాగకండి, ఊరు వస్తుంది గానీ ఇంజన్ మిగలదు.

ఘాట్‌రోడ్డు మీద నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మీరంతా ఆ దారిన పోయేవాళ్ళే. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాలకైనా, దోర్నాల నుంచి శ్రీశైలానికైనా నల్లమల ఎక్కి దిగాల్సిందే. దిగేటప్పుడు ఇంధనం ఆదా అని ఇంజన్ ఆపేసి న్యూట్రల్లో జారేవాళ్ళను చూశాను. బ్రేకు తేలిగ్గా పడడానికి ఇంజనే సాయం చేస్తుంది. అది ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుస్తుంది, స్టీరింగు కూడా బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. దారిపొడవునా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది కాలిపోయి, బ్రేకు ఆయిల్ మరిగి, కాలు నేలదాకా పోయినా బండి ఆగదు. మాడు వాసన రాగానే ఆపి చల్లారనివ్వాలి. అప్పటికే కాలు కిందికి పోతుంటే గబగబా పంపు కొట్టినట్టు తొక్కండి, గేర్లు ఒక్కొక్కటి దించండి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే బండి తిరగబడవచ్చు.

పంక్చర్ గురించి అందరూ బలం అంటారు. బలం కాదు, వరస. బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఎదుటి చక్రానికి రాయి పెట్టి, జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాలి. ఎత్తాక తిప్పితే చక్రం గిర్రున తిరుగుతుంది. నట్టు రాకపోతే పానాను అడ్డంగా పెట్టి దాని మీద కాలుతో నిలబడండి. మన బరువు ఎప్పుడూ మనకు సిగ్గుపడే విషయమే అయింది, ఇక్కడ పనికొస్తుంది. బిగించేటప్పుడు పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా బిగించాలి. స్టెప్నీలో గాలి ఉందో లేదో నెలకోసారి చూడాలి. ఆ మాట ఎక్కడిదో తెలుసా? 1904లో వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో, స్టెప్నీ అనే వీధిలో తయారైన అదనపు చక్రం అది. వాళ్ళు మరిచిపోయారు, మనం ఇంకా అంటున్నాం.

ఇంకొక చరిత్ర. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె భర్త చేసిన మోటారుబండిని అతనికి చెప్పకుండా తీసి, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్ళింది. సుమారు వంద కిలోమీటర్లు, మనకు మార్కాపురం నుంచి ఒంగోలంత దూరం. ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇంధనం మందుల షాపులో కొన్నది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ప్రపంచంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణం, దారిలో మరమ్మతులతో సహా, ఒక స్త్రీది. ఆ కంపెనీలో పెళ్ళికి ముందే ఆమె కట్నం డబ్బు ఉంది. పేటెంట్ మాత్రం భర్త పేరు మీద ఉంది.

షెడ్డులో ఎలా మాట్లాడాలన్నది కూడా నేర్చుకోవలసిందే. "ఏదో చప్పుడొస్తోంది, చూడండి" అంటే మనం డాక్టరు దగ్గర "ఒంట్లో నలతగా ఉంది" అన్నట్టే. ఎప్పుడు వస్తోంది, బ్రేకు తొక్కినప్పుడా, మలుపులోనా, చల్లటి ఇంజన్ మీదా వేడి మీదా, అది చెప్పండి. ఏ పార్టు మార్చాలో మీరు చెప్పకండి. ఖర్చు ముందే రాయించుకోండి. మార్చిన పాత సామాను తిరిగి అడగండి. ఒక ఊళ్ళో ఒక షెడ్డులో నాకు రెండుసార్లు ఒకే డైనమో మార్చామని బిల్లు వేశారు. పాతది చూపించమన్నాక రెండో బిల్లు మాయమైంది.

చివరగా ఒక ఇబ్బందికరమైన విషయం. మన సంస్థల బళ్ళు నడిపేది దాదాపు అన్నిచోట్లా మగవాళ్ళే. వెనకసీట్లో కూర్చుని ఏడ్చే స్త్రీ చెప్పే ప్రతి మాట ముందుసీటుకు వినబడుతుంది. రహస్యం కాపాడతామని రాసుకున్న మనం, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. అర్ధరాత్రి ఫోను వస్తే బయలుదేరేది లేనిదీ డ్రైవరు సెలవు మీద ఆధారపడి ఉంటుంది. అలాగని అతని ఉద్యోగం తీసేయమని నేను అనను. అతనికీ కుటుంబం ఉంది, పన్నెండు గంటలు పని చేయించి మనం ఓవర్‌టైమ్ ఇచ్చిన సందర్భాలు తక్కువ. మనలో ఇద్దరు ముగ్గురైనా లైసెన్సు తీసుకుని ఇలాంటి పనులకు సిద్ధంగా ఉంటే అతనికీ రాత్రి నిద్ర ఉంటుంది. ఈ మాట అతని ముందే అన్నాను. మొదట, "మీకెందుకు మేడం ఈ గ్రీసు" అన్నాడు. తర్వాత రేపు పొద్దున నేర్పిస్తానని ఒప్పుకున్నాడు.

కాబట్టి రేపు ఆరున్నరకల్లా, ఎండ ఎక్కకముందే, బయట వేపచెట్టు కింద ఉన్న జీపు దగ్గరికి రండి. పాతబట్టలు కట్టుకోండి, ఒక గుడ్డపీలిక తెచ్చుకోండి. ముందు బ్యాటరీ కొమ్ములు శుభ్రం చేస్తాం, తర్వాత రెండు చక్రాలు విప్పి బిగిస్తాం. పానా మీద మొదట నిలబడేది నేనే.