ఒంటరి నడకకు ఉపగ్రహ సందేశం: ఏ ప్లాన్ తీసుకోవాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారురా, నువ్వు ఇంజనీరువి, పదిమందికి పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అన్నాడు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. మీలో చాలామంది పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. శని, ఆదివారాలు వస్తే కొండలెక్కుతారు. కొందరు ఒంటరిగా వెళ్తారు. "ఫోన్ కలవడం లేదమ్మా" అని మీరు ఇక్కడ రాత్రంతా కూర్చుంటారు. ఈ మాటలు వాళ్ల కోసమూ, మీ కోసమూ.

నేను ఉండేది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో. అక్కడ మౌంట్ రైనియర్ అనే మంచు కొండ ఉంది. దాని చుట్టూ తిరిగి వచ్చే కాలిబాట పేరు వండర్‌లాండ్ ట్రెయిల్. పొడవు 93 మైళ్లు, అంటే దాదాపు 150 కిలోమీటర్లు. దారిలో చాలా భాగం సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. కొన్నేళ్ల కిందట నేను ఒక్కణ్ణే పది రోజుల్లో ఆ చుట్టు నడవాలని బయల్దేరాను.

అలాంటి చోట పనికొచ్చే సాధనాలు మూడు రకాలు. మొదటిది ఆపద బీకన్. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద సంకేతం వెళ్తుంది. కోస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ దాన్ని అందుకుని రక్షణ దళాలకు చేరవేస్తుంది. నెల నెలా చందా లేదు. కానీ అది అరవడమే తప్ప మాట్లాడలేదు. "బాగున్నాను, ఆలస్యమవుతుంది" అని ఇంటికి చెప్పలేదు.

రెండోది ఈ మధ్య వచ్చిన ఫోన్లు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపే వీలు ఉంది. మంచిదే. కానీ అన్ని దేశాల్లోనూ పనిచేయదు. పైగా ఫొటోలకూ, మ్యాపుకూ, ఆపదకూ అదే బ్యాటరీ. కింద పడి ఫోన్ పగిలితే మూడూ పోయినట్టే.

మూడోది శాటిలైట్ కమ్యూనికేటర్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. చిన్న సందేశాలు పంపుతుంది, జవాబులు అందుకుంటుంది. మనం ఎక్కడున్నామో పటం మీద చూపిస్తుంది. వీటిలో చాలావాటికి ఆధారం ఇరిడియం ఉపగ్రహాలు. భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున 66 ఉపగ్రహాలు తిరుగుతుంటాయి, ధ్రువాల దాకా సిగ్నల్ అందుతుంది. కానీ ఆకాశం కనిపించాలి. దట్టమైన చెట్ల కింద, లోతైన లోయలో సందేశం వెళ్లడానికి పది, ఇరవై నిమిషాలు పట్టవచ్చు, ఒక్కోసారి వెళ్లకపోనూవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పరికరం కొంటే సరిపోదు, చందా ప్లాన్ తీసుకోవాలి. ఇక్కడే నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. నేను కొన్న రోజుల్లో అన్నిటికంటే చవక ప్లాన్ ఏడాదికి ఒప్పందం చేసుకుంటే నెలకు 12 డాలర్లు. కావలసిన నెలల్లో మాత్రమే వాడుకుని మిగతా నెలలు ఆపుకుంటే నెలకు 15, పైన ఏడాదికోసారి 35. నేను నడిచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగే నెలలు. ఏడాది లెక్క 144, నెలల లెక్క 95. దాదాపు 50 డాలర్లు మిగిల్చానని మా ఆవిడకు గొప్పగా చెప్పాను.

ఆ చవక ప్లాన్‌లో నెలకు పది సందేశాలే. దాటితే ఒక్కోదానికి అర డాలరు. నడిచిన దారిని పది నిమిషాలకోసారి పంపే ట్రాకింగ్‌కు విడిగా డబ్బు. ముందే రాసి పెట్టుకున్న సందేశాలు మాత్రం ఎన్నయినా ఉచితం. నేను మూడు రాసుకున్నాను: "బయల్దేరాను", "క్యాంపు చేరాను", "అంతా క్షేమం". ట్రాకింగ్ ఆపేశాను. లెక్క సరిపోయింది.

ఆరో రోజు మధ్యాహ్నం ఒక వాగు దగ్గరికి వచ్చాను. హిమానీనదం కరిగి వచ్చే నీళ్లు అవి. పొద్దున తక్కువగా ఉంటాయి, ఎండ ముదిరే కొద్దీ పెరుగుతాయి. దాని మీద వేసిన దుంగ వంతెన కొట్టుకుపోయింది. ఆ నీళ్లలో దిగే ధైర్యం చేయలేదు. అది నేను ఆ రోజు చేసిన ఒకే ఒక్క తెలివైన పని. వెనక్కి తిరిగి, ముందు రాత్రి ఉన్న క్యాంపుకే వచ్చాను.

ఇప్పుడు ఇంటికి ఏం పంపాలి? "క్యాంపు చేరాను" అంటే ఏ క్యాంపు అనుకుంటారు? "అంతా క్షేమం" అని ఒకటి నొక్కి, వివరంగా ఇంకొకటి టైపు చేశాను. చుట్టూ ఆకాశాన్ని మూసేసిన దేవదారు చెట్లు. రెండూ వెళ్లలేదు. అరగంట చూసి, బ్యాటరీ మిగల్చాలని పరికరం ఆపేసి పడుకున్నాను. నాకు నిద్ర పట్టింది.

ఇంట్లో పట్టలేదు. ఆ వేసవి మా అమ్మ మా దగ్గరే ఉంది. రాత్రి తొమ్మిదికి "వాడు అన్నం తిన్నాడటనా?" అని మా ఆవిడను అడిగిందట. పన్నెండుకు మళ్లీ అడిగింది. ఎవరికి ఫోన్ చేయాలో మా ఆవిడకు తెలియదు. ఆ రోజు నేను ఏ క్యాంపులో ఉండాలో కూడా తెలియదు. నేను ఏ కాగితమూ రాసి ఇవ్వలేదు. తెల్లవారేదాకా ఇంటర్నెట్‌లో వెతికి, పార్కు రేంజర్ల ఆఫీసు నంబరు పట్టుకుంది. పొద్దున ఆరున్నరకు నేను వాగు దగ్గర బయలు ప్రదేశానికి వచ్చి పరికరం తెరిస్తే రెండు సందేశాలూ వెళ్లాయి. ఆఫీసు తెరవడానికి ఇంకా గంటన్నర ఉంది.

నేను ఇంటికి వచ్చాక మా ఆవిడ కోప్పడలేదు. అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అడిగింది. "ఎంత మిగిలిందన్నారు?"

ఆ తర్వాత నేను నేర్చుకున్న లెక్క చెబుతాను.

ఒకటి. ఆపద మీట అన్ని ప్లాన్లలోనూ ఒకటే, చవకది తీసుకున్నా పనిచేస్తుంది. కానీ ప్రాణం మీదికి వచ్చే ఆపద కంటే ఆలస్యాలే ఎక్కువ. ప్లాన్ ఎంచుకోవలసింది వాటిని చూసి. ఒంటరిగా నడిచేవాడికి ట్రాకింగ్ కలిసి ఉన్న, నెలకు పది కంటే బాగా ఎక్కువ సందేశాలు ఇచ్చే ప్లాన్ కావాలి. ట్రాకింగ్ ఉంటే, మనిషి పలకలేని స్థితిలో ఉన్నా వెతికేవాళ్లకు ఆఖరి చుక్క దొరుకుతుంది. నడవని నెలల్లో ఆపుకునే వీలున్న ప్లానే తీసుకోండి, అందులో తప్పు లేదు. మిగిల్చేది అక్కడ మిగల్చండి.

రెండు. ప్లాన్ ఇంట్లోనే మొదలుపెట్టి, డాబా మీదికెళ్లి ఒక సందేశం పంపి, జవాబు తెప్పించుకుని చూడండి. ఖాతాలో అత్యవసర నంబర్లు సరిచూసుకోండి. నా ఖాతాలో అప్పటికి నాలుగేళ్ల కిందట వదిలేసిన ఇంటి ఫోన్ నంబరు ఉంది. మీట నొక్కి ఉంటే ఎవరూ ఎత్తేవారు కాదు.

మూడు. మీట నొక్కితే ఏమవుతుందో తెలిసి ఉండాలి. సందేశం 24 గంటలూ పనిచేసే ఒక కేంద్రానికి వెళ్తుంది. వాళ్లు స్థానికంగా బాధ్యత ఉన్నవాళ్లకు చెబుతారు. నేషనల్ పార్కులో రేంజర్లు, బయటైతే చాలాచోట్ల కౌంటీ షెరీఫ్. హెలికాప్టర్ వెంటనే రాదు. వాతావరణం బాగాలేకపోతే రాత్రంతా ఆగాలి. అందుకని వెచ్చని బట్టలు, ఒక పూట అదనపు తిండి దగ్గర ఉండాల్సిందే. నేషనల్ పార్కుల్లో వెతికినందుకు సాధారణంగా డబ్బు అడగరు. అంబులెన్సు, ఆసుపత్రి ఖర్చులు మాత్రం మనవే.

నాలుగు. అసలు ప్లాన్ కాగితం మీద ఉండాలి. ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది: ఏ రోజు ఏ క్యాంపు, నా చొక్కా రంగు, వేసుకునే మందులు, రేంజర్ల నంబరు. కింద మేమిద్దరం కూర్చుని రాసుకున్న నియమం: రాత్రి తొమ్మిదికి సందేశం రాకపోతే కంగారు పడొద్దు, మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకీ రాకపోతే ఫోన్ చేయాలి. ఎప్పటిదాకా ఆగాలో తెలిస్తే ఆగడం కొంత సులువు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. ఈ పరికరాన్ని మన దేశానికి తేవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లూ, ఈ కమ్యూనికేటర్లూ మన దేశంలో వాడకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. తెలియక తెచ్చిన విదేశీ ప్రయాణికులను గోవా, ఢిల్లీ విమానాశ్రయాల్లో పోలీసులు ఆపేశారు. సెలవులకు వచ్చి హిమాలయాలకు వెళ్దామనుకునే పిల్లలకు ముందే చెప్పండి. నడక సంచి జేబులో మర్చిపోయి తెచ్చినా తిప్పలే. నేను ఈసారి మా ఇంటి బీరువాలో పెట్టి వచ్చాను.

మరి ఇక్కడ ఎలా? ఒంటరిగా వెళ్లొద్దు. నల్లమలకైనా సరే, అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతితోనే వెళ్లాలి. కొండల్లో స్థానికుడైన గైడును వెంట పెట్టుకోండి, చెక్‌పోస్టులో పేరు రాయించండి, 112 గుర్తుంచుకోండి. ఫ్రిజ్ మీద కాగితానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరగా ఒక్క జ్ఞాపకం, కార్యదర్శి క్షమించాలి. తొమ్మిదో తరగతిలో వనభోజనాలకు వెళ్లినప్పుడు మా డ్రిల్లు మాస్టారు బస్సు ఎక్కేముందు పేరుపేరునా హాజరు పిలిచారు. నేను కొండ వెనక రాళ్ల మీద ఉండి, వినబడుతున్నా పలకలేదు. సరదా అనుకున్నాను. ఆయన ఎండలో ఆ కొండ చుట్టూ రెండుసార్లు తిరిగారు. దొరికాక కొట్టలేదు. "పిలిచినప్పుడు పలకాలిరా, పిలిచేవాడికి భయంగా ఉంటుంది" అన్నారు.

మాస్టారు ఇవాళ మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు అన్నేళ్లూ, ఒక వాగూ పట్టాయి సార్. ఇప్పుడు ప్రతి రాత్రీ తొమ్మిదిలోపే పలుకుతున్నాను.