పిల్లలు కోరుకునే చదువు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభ అనగానే డీఏ బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లులు, హెల్త్ కార్డుల మాట రాక తప్పదు. అవి చెప్పడానికి నాకంటె సమర్థులు వేదికపైన ఉన్నారు. మన మనుమలు, మనుమరాండ్ర చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. ముప్పై ఆరేండ్లు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ణి. ఫైలులో నోటు పెట్టేటప్పుడు ముందు వాస్తవాలు, తరువాత నిబంధన, చివరకు అభిప్రాయం రాయడం మాకు అలవాటు. ఇక్కడా ఇంచుమించు అదే వరుసలో విన్నవించుకుంటాను.

విషయం ఇది. కళాశాలకు వెళ్ళి అధ్యాపకుని ఎదుట కూర్చుని నేర్చుకోవడం ఒక పద్ధతి. కొన్ని పాఠాలు తరగతిలో, కొన్ని ఫోనులోనో కంప్యూటరులోనో నేర్చుకోవడం మరొక పద్ధతి. ఈ రెండవదానిని ఇప్పుడు బ్లెండెడ్ లెర్నింగ్ అంటున్నారు. మనం మిశ్రమ బోధన అనుకుందాం. ఈ రెండింటిలో పిల్లలు దేనిని కోరుకుంటున్నారు అన్నది ప్రశ్న.

పేరు కొత్తదే గాని పద్ధతి మనకు కొత్త కాదు. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం గదా. కొందరం ట్రెజరీకి స్వయంగా పోయి సంతకం పెడతాం. కొందరం ఇంట్లో కూర్చుని ఫోనులో సెల్ఫీ దిగి పంపుతాం. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి సెల్ఫీ ఒక వరం. వేలిముద్ర పడనివారికి, ఫోను చేతగానివారికి ట్రెజరీ కిటికీయే దిక్కు. పైగా ట్రెజరీకి పోతే నలుగురు పాత మిత్రులు కనబడతారు. దేని సుఖం దానిది.

డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటామో అందరికీ తెలుసు. 1982లో అదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అటువంటి విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. దాని మొదటి ఉపకులపతి కరీంనగర్ జిల్లాకు చెందిన ఆచార్య జి. రాంరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయననే మొదటి ఉపకులపతిగా తీసుకున్నారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

పి.యు.సి.తో ఉద్యోగంలో చేరిన నేను 1985లో అక్కడ బి.ఎ.లో చేరాను. అప్పుడు మహబూబాబాదులో పని చేస్తున్నాను. పుస్తకాలు అచ్చువేసి ఇచ్చేవారు. రేడియోలో పాఠాలు వచ్చేవి. ఆదివారాలు రైలెక్కి సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణం చేసి వరంగల్లులో కాంటాక్ట్ తరగతులకు హాజరయ్యేవాణ్ణి. వారమంతా పుస్తకం చదివి, అర్థం కాని చోట పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆదివారం ఆ గీతలన్నీ అధ్యాపకుని ముందు పరిచేవాళ్ళం. నా పక్కన ఒక కండక్టరు, ఒక నర్సమ్మ, ఒక గ్రామసేవకుడు కూర్చునేవారు. ఆ డిగ్రీ తరువాత నా ప్రమోషనుకు పనికివచ్చింది. మిశ్రమ బోధన అన్న మాట పుట్టకముందే మనలో ఎందరో అలా చదివినవారమే.

విదేశాల సంగతీ అంతే. బ్రిటనులో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి, 1971 నుంచి బీబీసీ రేడియో, టెలివిజను ద్వారా పాఠాలు చెప్పింది. అయినా ట్యూటర్లను పెట్టింది, వేసవిలో విద్యార్థులను ఒకచోట చేర్చి వారం రోజుల బడులు నడిపింది. దూరవిద్యకు మార్గదర్శి అయిన సంస్థే మనిషి ముఖం అవసరాన్ని కాదనలేదు.

మన పిల్లలకు మాత్రం ఈ పద్ధతి ఇష్టపడి రాలేదు, కరోనా తెచ్చిపెట్టింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను డిజిటల్ పాఠాలు మొదలైనాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, కళాశాలలకు తలుపులు తెరిచారు. మార్చి చివర మళ్ళీ మూశారు. అంతకు ముందు 2017-18లో కేంద్ర ప్రభుత్వం చేయించిన జాతీయ నమూనా సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం మాత్రమే. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని పేద కుటుంబాలలో మరొక సర్వే జరిగింది. మన రాష్ట్రం అందులో లేదు గాని పరిస్థితి అర్థమవుతుంది. పల్లె పిల్లల్లో క్రమంగా ఆన్‌లైను చదువు సాగించినవారు 8 శాతం, అసలు చదువే లేనివారు 37 శాతం. బడులు త్వరగా తెరవాలని కోరిన తల్లిదండ్రులు పల్లెల్లో 97 శాతం.

అదే ఏడాది మేలో యూజీసీ ఒక ప్రతిపాదన చేసింది. ఉన్నత విద్యలో ఒక కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైనులో, మిగిలిన 60 శాతం ముఖాముఖిగా బోధించవచ్చునన్నది దాని సారాంశం. వైద్యం, ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ వంటివి దూరవిద్యలో చెప్పరాదని 2020 నిబంధనలలోనే ఉంది. మహబూబాబాదుకు 2022లో, జనగామకు, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి పిల్లలు వార్డులో రోగి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. డిగ్రీ పిల్లల సంగతిలోనే ఈ ప్రశ్న వస్తుంది.

2016 అక్టోబరు 11న మన ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు సంఘం పని మీద ఈ మధ్య నేను తిరిగాను. బస్టాండుల్లో, రైల్లో పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లలను మాటల్లో పెట్టాను. ఇది సర్వే కాదు. విన్నది విన్నట్లు చెబుతున్నాను.

జనగామలో ఒక అబ్బాయి పగలు కళాశాలకు పోతాడు, రాత్రి పోటీపరీక్షల కోసం ఫోనులో పాఠాలు చూస్తాడు. ఫోనే చాలు గదా, కాలేజీ ఎందుకు నాయనా అన్నాను. "నాకు అర్థం కాలేదని నా మొఖం చూస్తె సారుకు తెలుస్తది తాతా. ఫోనుకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు. అయితే ఒకసారి విన్న పాఠాన్ని మళ్ళీ వినడానికి మాత్రం ఫోను కావాలన్నాడు.

మహబూబాబాదులో గూడూరు వైపు తండా నుంచి వచ్చే అమ్మాయి కలిసింది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. వీడియోలోని తెలుగు వేగం అందదు, తరగతిలో మేడం నిదానంగా విడమరచి చెబుతుందని ఆమె సంతోషం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది గనుక చార్జీల బాధ లేదు. కాని మిరప ఏరే రోజుల్లో తల్లితో కూలికి పోవలసి వస్తుంది. ఆ రోజుల పాఠాలు ఫోనులో దొరికితే బాగుండునంటుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది అన్న జేబులో ఉంటుంది.

భూపాలపల్లిలో బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేస్తూ ఓపెన్ యూనివర్సిటీలో చదువుకునే యువకుడు కలిశాడు. అతనికి రోజూ తరగతి పెడితే చదువే పోతుంది. ఆదివారం తరగతి కావాలి, ఆదివారం షిఫ్టు పడితే ఆ పాఠం ఫోనులో కావాలి. పెళ్ళయిన తరువాత మళ్ళీ చదువు మొదలుపెట్టిన ఒక అమ్మాయి చెప్పిన మాట నాకు చాలా రోజులు గుర్తుంది. "ఇంట్ల ఫోను పట్టుకుంటె పని ఎగ్గొడుతున్న అంటరు. కాలేజీల ఉన్నంత సేపే నేను చదువుకునేదాన్ని."

నాతో మాట్లాడినవారిలో కళాశాల వద్దన్నవారు లేరు, ఫోను వద్దే వద్దన్నవారూ లేరు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి మనిషి కావాలి, మళ్ళీ మళ్ళీ చూసుకోవడానికి, తప్పిపోయిన పాఠం అందుకోవడానికి ఫోను కావాలి. ఎవరికి ఏది ఎంత పాళ్ళలో కావాలన్నది ఇష్టాన్ని బట్టి కాదు, బస్సు వేళను బట్టి, ఇంటి పనిని బట్టి, ఫోను ఎవరి జేబులో ఉందన్నదాన్ని బట్టి ఉంది. కనుక నీకేది ఇష్టం అని అడిగి టిక్కు పెట్టించుకుంటే సరిపోదు. బస్సు లేని పిల్ల ఆన్‌లైను అని టిక్కు పెడితే అది ఆమె కోరిక అనుకోరాదు.

ఒక గుమాస్తాగా నా భయం ఒకటి చెప్పాలి. తాత్కాలిక ఏర్పాటు అని ఆర్డరు వచ్చిన ఇంచార్జి సీటు ఎన్నేండ్లు నడుస్తుందో ఈ సభలో తెలియనివారు లేరు. 40 శాతం ఆన్‌లైను అన్న మాట పిల్లల వెసులుబాటు కోసమైతే మంచిదే. అధ్యాపకుల పోస్టు ఖాళీగా పెట్టి, దాని చోట వీడియో చూపడానికైతే మాత్రం నష్టపోయేది ఈ మూడు జిల్లాల పిల్లలే. డబ్బున్నవారు హైదరాబాదు పోతారు. తండా పిల్ల ఎక్కడికి పోతుంది? వీడియో ఎంత మంచిదైనా అధ్యాపకునికి తోడుగా ఉండాలి, అధ్యాపకునికి బదులుగా కాదు. ఈ మాట మన సంఘం విజ్ఞాపనలలో చేరాలని నా కోరిక.

చేతనైన పనులు మూడు మనవి చేస్తాను. మన సంఘ భవనం హాలు నెలవారీ సమావేశం రోజున తప్ప తాళం వేసి ఉంటుంది. ఒక టీవీ, ఇంటర్నెటు పెట్టించి సాయంత్రాలు విద్యార్థులకు తెరుద్దాం. మనలో రిటైరైన ఉపాధ్యాయులు, లెక్చరర్లు ఉన్నారు. ఆదివారం ఒక గంట వచ్చి కూర్చుంటే పిల్లలు పెన్సిలు గీతలు పెట్టుకుని వస్తారు. రెండవది, కళాశాల వేళలకు బస్సులు నడపమని డిపో మేనేజరుగారికి సంఘం లెటర్‌హెడ్ మీద దరఖాస్తు ఇద్దాం. దరఖాస్తు రాయడం, దానికి రిమైండరు పంపడం మనకు వెన్నతో పెట్టిన విద్య. మూడవది ఇంట్లో జరగాలి. చదువుకునే ఆడపిల్ల చేతికి రోజూ ఒక గంట ఫోను ఇప్పించండి, ఆ గంటలో ఆమెకు పని చెప్పకండి. మన లైఫ్ సర్టిఫికెట్ సెల్ఫీ తీసిపెట్టేది చాలా ఇళ్ళలో ఆ మనుమరాలే.

1982లో మన హక్కు మనకు దక్కింది ఒకరు కోర్టు మెట్లు ఎక్కితే. చదువు విషయంలో పిల్లల తరఫున కనీసం కాలేజీ మెట్లయినా మనం ఎక్కుదాం. వచ్చే నెల సమావేశంలో హాలు విషయం ఎజెండాలో చేర్చవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.