వికారాబాదు అడవులకు ఒకనాటి ప్రయాణం

అభయారణ్యం అనగానే నగరవాసులకు నల్లమలయో, కవ్వాలయో జ్ఞప్తికి వస్తుంది. అంతదూరం పోవడానికి సెలవు చాలదు. కాని తెల్లవారుజామున హైదరాబాదులో రైలెక్కి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుకోగలిగినంత చేరువలో, పడమటి దిక్కున అడవి ఉన్నది. నిజాము కాలంలో, 1874లో, వాడి నుండి సికింద్రాబాదుకు పడిన రైలుదారే నేటికీ మనలను వికారాబాదుకు, తాండూరుకు చేరుస్తున్నది.

వికారాబాదు స్టేషనుకు ఐదారు కిలోమీటర్లలో అనంతగిరి. చట్టరీత్యా ఇది అభయారణ్యం కాదు, రిజర్వు అడవి మాత్రమే. అనంతపద్మనాభస్వామి ఆలయమూ, నిజాము కాలంలో క్షయరోగుల కొరకు నెలకొల్పిన ఆరోగ్యాశ్రమమూ ఈ కొండమీదనే వెలసినవి. సరియైన మందు లేని రోజులలో కొండగాలినే మందుగా ఎంచేవారు. మూసీ ఇక్కడ పుట్టి తూర్పుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఈ కొండలలోనే పుట్టిన కాగ్నా పడమటికి మరలి, తాండూరు పక్కగా పోయి, భీమలో చేరి, ఆ దారిన మళ్లీ కృష్ణకే వస్తుంది. 1908 నాటి వరదల తరువాత మూసీపై ఆనకట్ట వేసి, 1920లో గండిపేట చెరువును పూర్తిచేశారు. ఆ చెరువుకు వచ్చే నీటిలో ఈ చెట్ల వేళ్లను తడిపి వచ్చినది కొంత ఉన్నదని కుళాయి తిప్పేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

ఇది ఆకు రాల్చే అడవి. టేకు, మద్ది, తునికి, వెదురు ఇక్కడి చెట్లు. వర్షాలు వెలిసిన తరువాత ఒక అందం; ఫాల్గుణంలో ఆకులన్నీ రాలి మోదుగు పూచినప్పుడు మరొక అందం. మాకు రెండవదే మేలనిపిస్తుంది, ఆకు చాటు లేనందువల్ల పిట్ట కనబడుతుంది గనుక. మృగాలను చూచి తీరవలెనన్న పట్టుదల కూడదు. తడి ఇసుకలో దుప్పి గిట్టల జాడ, పంది త్రవ్విన నేల, ఎక్కడో నెమలి కేక, ఇవి తెలిసినవానికి అడవి కనబడినట్లే. మాటలు ప్రసారం చేసి బ్రతికే మేమే ఈ మాట చెప్పడం వింత గాని, పాటల పెట్టెను ఇంటివద్దనే ఉంచి రండి.

పూడూరు మండలంలోని దామగుండం అడవి గూర్చి చెప్పక తప్పదు. అక్కడ సుమారు 2,900 ఎకరాలలో నౌకాదళపు రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతాన 1990లో నెలకొన్న కేంద్రం తరువాత ఇది రెండవది. మా ప్రసారాల మీడియం వేవు తరంగాల పొడవు వందల మీటర్లు. అక్కడివి పది కిలోమీటర్లకు మించినవి. అంత పొడవైన తరంగమే సముద్రజలంలోనికి కొంతలోతు చొచ్చి, మునిగియున్న జలాంతర్గామికి సందేశం అందించగలదు. దేశరక్షణకు ఇది అవసరమన్న మాటను మేము కాదనము. మూసీ పుట్టినచోటి అడవి తరిగితే ఎట్లా అని స్థానికులు, ప్రకృతి ప్రేమికులు పడిన బెంగ కూడ కొట్టివేయదగినది కాదు. నరికినదానికి బదులు వేరొకచోట నాటిన మొక్కలు చెట్లవుతాయేమో గాని, పుట్టలు, పొదలు, ఊటలు కలిసిన పాత అడవి నాటితే వచ్చేది కాదు.

తాండూరు దాకా పోతే నేల మారుతుంది. నల్లరేగడి కందిచేలు, నాపరాతి గనులు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడినుండి మోటారులో కన్నడ సరిహద్దు దాటితే చించోళి. 2011లో ప్రకటించిన ఈ అభయారణ్యం వైశాల్యం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. మెట్టనేలల అడవికి దక్షిణదేశంలో ఇట్టి రక్షణ లభించడం ఇదే మొదలని చెబుతారు. తోడేలు, దుమ్ములగొండి వంటివి పులివలె కీర్తి లేని జంతువులు. వానికీ ఒక చోటు కావలెను గదా. అడవిలో లంబాడీ తండాలు ఉన్నవి. దారి అడిగితే మర్యాదగా చెబుతారు. వారి చేలలో వాహనం నిలుపకండి.

ఒకేరోజున అనంతగిరి, చించోళి రెండూ చూడబోతే రెండూ దక్కవు. మొదటిసారి అనంతగిరికే పోయి, చద్దిమూట విప్పిన చోట కాగితం ముక్కయినా మిగల్చక, చీకటి పడకముందే స్టేషను చేరుకోవడం మంచిది.